మోకాటి వెనుక జిగురు తిత్తి: కోత లేకయే కుదిరిన ఒక అరుదైన రోగము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



పన్నుల వసూలు, వీధి దీపములు, మంచినీటి పథకములు మున్నగు విషయములను గూర్చి మీరు రెండు దినములుగా వినుచున్నారు. నడుమ వైద్యులు వచ్చి కాలి నొప్పిని గూర్చి మాటలాడుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. ఆహ్వానము అందినప్పుడు మాకును అట్లే తోచినది. కాని ఆలోచింపగా దీనికి తగిన కారణమే కనబడినది. పల్లెలో కాలు నొచ్చినవాడు మొదట మా యొద్దకు రాడు. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి యొద్దకు, అనగా మీ యొద్దకు వచ్చును. "బాబాయ్, కాలు ఇట్లా అవుతోంది, పట్నం పొమ్మంటారా, నాటుకట్టు కట్టించుకోమంటారా?" అని యడుగును. మీరు చెప్పిన మాటను బట్టి అతడు బస్సు ఎక్కుటయో, ఇంటికి మరలుటయో జరుగును. కనుక వైద్యునికంటె ముందు తీర్పు చెప్పువారు మీరే. ఆ తీర్పునకు పనికివచ్చు నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చినాము.

ఒక రైతు ఉన్నాడనుకొందము. వయస్సు 45 సంవత్సరములు. చుట్ట గాని బీడీ గాని ముట్టడు. మధుమేహము లేదు. మొన్నటివరకు ఏ బాధయు ఎరుగడు. ఒకనాడు పొలమునకు పోవుచుండగా రెండు వందల గజములు నడచుసరికి ఒక కాలి పిక్క బిగిసి పట్టివేసినది. గట్టుమీద కూర్చున్నాడు. కొంతసేపటికి నొప్పి పోయినది. లేచి నడచినాడు. మరల అంత దూరమునకే మరల పట్టినది. ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత కాలు చక్కగా ఉన్నది. వాపు లేదు, గాయము లేదు, రంగు మారలేదు. ఇంటివారు చూచి ఏమియు లేదందురు. తోడి రైతులు పనికి వెనుదీయుచున్నాడని నవ్వుదురు. కూర్చున్నప్పుడు కనబడని రోగమును నడచినప్పుడు మాత్రమే అనుభవించువాని మాట ఎవరు నమ్ముదురు? మా యొద్దకు వచ్చు ఇట్టి రోగులలో పలువురు నొప్పికంటె ఈ నవ్వును గూర్చియే ఎక్కువ చెప్పుకొందురు.

నొప్పి నిజమైనదే. దానిని మొదట శ్రద్ధతో గమనించినది మనుష్యునియందు కాదు, గుఱ్ఱమునందు. 1831లో ఫ్రాన్సు దేశమున బూలే అను పశువైద్యుడు బండి లాగు ఒక గుఱ్ఱమును పరీక్షించినాడు. అది కొంత దూరము చక్కగా పరుగెత్తి, పిమ్మట వెనుక కాలు కుంటుచుండెడిది. నిలిపినచో బాగుపడి, తోలినచో మరల కుంటెడిది. ఆ కాలికి రక్తము తెచ్చు పెద్ద నాళము మూసికొని పోయినదని ఆయన తెలిసికొన్నాడు. సుమారు పాతిక సంవత్సరముల తరువాత, 1858లో, అదే దేశమునకు చెందిన ప్రఖ్యాత వైద్యుడు షార్కో మనుష్యునియందును ఇట్టి కుంటుతనమే కలదని వ్రాసినాడు. ఎద్దులను సాకిన మీకు ఇది వింతగా తోచదు. పశువు సోమరితనము నటింపజాలదని మీరెరుగుదురు. మనిషిని మాత్రము మనము త్వరపడి అనుమానింతుము.

పిక్కలోని కండరము పని చేయునప్పుడు దానికి రక్తము ఎక్కువ కావలెను. కూర్చున్నప్పుడు తక్కువ చాలును. నాళము ఇరుకైనచో కూర్చున్నవానికి చాలు రక్తము నడచువానికి చాలదు. అప్పుడు కండరము సలిపి బిగియును. కూర్చుండగనే లెక్క సరిపోవును, నొప్పి పోవును. ఇంతే రహస్యము.

ఇక నాళము ఇరుకగుట ఎట్లు? ఇక్కడ మీకు మా కంటె బాగుగ తెలిసిన పంట కాలువనే దృష్టాంతముగా తీసికొందము. కాలువలో నీరు తగ్గినదన్న, కారణము సాధారణముగా పూడిక. అడుగున ఒండ్రు పేరుకొని, నాచు పెరిగి, లస్కరు తూము ఎంత ఎత్తినను చివరి చేలకు నీరందదు. మన శరీరమునందలి ధమనులలోను జరుగునది చాలవరకు ఇదియే. పొగ త్రాగుట, మధుమేహము, రక్తపు పోటు, రక్తములో క్రొవ్వు హెచ్చుట, వయస్సు - వీనివలన నాళపు లోపలి పొరలో క్రొవ్వు పూడికవలె పేరుకొనును. నడచినప్పుడు పిక్క పట్టివేయువారిలో మిక్కిలి ఎక్కువమందికి కారణమిదియే. యౌవనమందే బీడీలు విడువక త్రాగువారికి నాళములు వాచి మూసికొనిపోవు మరియొక రోగమున్నది. 1908లో బర్గర్ అను వైద్యుడు వర్ణించుటచే ఆయన పేరనే పిలువబడుచున్నది. అది మన దేశమున అరుదు కాదు. ముప్పది యేండ్లకే కాలివ్రేళ్లు పోగొట్టుకొనువారు దీనివలన కలరు. పొగాకు పండించు జిల్లాలవారు ఎదుట కూర్చుండగా ఈ మాట చెప్పుట మాకు సంకోచముగా నున్నను చెప్పక తప్పదు.

కాని కాలువలో నీరు తగ్గుటకు పూడికయే కారణము కానక్కరలేదు. ఒక్కొక్కచోట అడుగు శుభ్రముగనే ఉండును, నాచు ఉండదు. గట్టులోనికి నీరు ఊరి, గట్టు ఉబ్బి, కాలువలోనికి ఒరిగి, దారిని నొక్కివేయును. మనము నేడు చెప్పదలచిన అరుదైన రోగము సరిగా ఇట్టిదే.

ధమని గోడకు మూడు పొరలు కలవు. లోపలి పొర రక్తమును తాకుచుండును. నడిమి పొర కండరముతో కూడినది. వెలుపలి పొర నారవలె నాళమును చుట్టియుండును. ఈ వెలుపలి పొరలో, ఎందువలననో, జిగురు వంటి ద్రవము చేరి తిత్తిగా ఏర్పడును. తిత్తి పెరిగిన కొలది నాళమును లోపలికి నొక్కును. లోపలి పొర నునుపుగా, ఆరోగ్యముగనే ఉండును. పూడిక ఏమియు ఉండదు. దారి మాత్రము ఇరుకగును. ఈ రోగము నూటికి సుమారు 85 మందిలో మోకాటి వెనుక గుంటలోనుండి పోవు ధమనికే వచ్చును. రోగులలో ఎక్కువమంది నడివయస్సు పురుషులు. స్త్రీలకు రాదని కాదు, తక్కువ.

దీని చరిత్ర చిన్నదే. 1947లో ఇంగ్లండునకు చెందిన ఆట్కిన్స్, కీ అను వైద్యులు పొత్తికడుపు దిగువ నుండి తొడకు పోవు ధమని పైపొరలో ఇట్టి జిగురు పదార్థమును కనుగొని, దానిని ఒక కంతిగా భావించి ప్రకటించినారు. మోకాటి వెనుక ధమనికి ఇది వచ్చునని 1954లో స్వీడను దేశపు వైద్యులు ఏజ్రుప్, హియెర్టోన్ అనువారు వ్రాసినారు. నాటినుండి ప్రపంచమంతటను వైద్య పత్రికలకెక్కినవి కొన్ని వందలు మాత్రమే. నడచినప్పుడు పిక్క పట్టు రోగులు 1,200 మందిలో ఒకరికి ఇది ఉండునని వైద్య గ్రంథములందలి అంచనా. ఈ రోగమును ఒక్కసారియు చూడకయే ఉద్యోగ విరమణ చేయు శస్త్రవైద్యులు ఎందరో కలరు.

అంత అరుదైన దానిని గూర్చి పంచాయతీ సభ్యులకు చెప్పుట యెందుకు? దీనియందు ఒక విశేషమున్నది. ఈ రోగము కొందరిలో, బహు కొద్దిమందిలో, కత్తి పెట్టకయే, తనంతట తానే పోయినది. 1990లో ఇట్టి వృత్తాంతమొకటి వైద్య పత్రికలో వచ్చినది. 2004లో ఇంగ్లండునందలి రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వారి పత్రికలో మరియొకటి ప్రకటితమైనది. తనంతటను, శాశ్వతముగను నయమైనదని దాని శీర్షికయందే చెప్పినారు. మరికొన్నియు అక్కడక్కడ వచ్చినవి. వైద్యులు దీనిని మంత్రమని గాని మహిమయని గాని వ్రాయలేదు. తిత్తి ఉన్నదని పటములో చూచి, పిమ్మట లేదని మరల పటములో చూచి వ్రాసినారు. ఈ భేదమును మీరు మనస్సున నుంచుకొనవలెను. ప్రసంగము చివర దీనితో మనకు పని కలదు.

తిత్తి ఎట్లు పోయినది? దీనికి సమాధానము తిత్తి ఎట్లు వచ్చినదను ప్రశ్నలోనే ఉన్నది. తిత్తి పుట్టుకను గూర్చి వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. మాటిమాటికి మోకాలు వంగి సాగుటచే నాళపు పైపొర నలిగి జిగురు ఊరునని కొందరు. పిండదశయందే కీలునకు సంబంధించిన కణములు దారి తప్పి నాళపు గోడలో చిక్కుకొన్నవని మరికొందరు. ఇటీవల బలపడుచున్న అభిప్రాయము వేరొకటి. మోకాటి కీలు ఆడుటకు లోపల నూనెవంటి ద్రవము కలదు. కీలునుండి ధమనికి పోవు ఒక సన్నని కొమ్మనాళము వెంబడి ఆ ద్రవము ఎదురు నడచి, పెద్ద ధమని పైపొరలో చేరి తిత్తియగునని వీరు చెప్పుదురు. తిత్తిలోని జిగురునందు హైయలురానిక్ ఆమ్లము అను పదార్థము మెండుగా ఉండుటయు, అదియే కీలు ద్రవమునందును ఉండుటయు వీరి వాదమునకు తోడు. కొందరు రోగులలో కీలునకును తిత్తికిని నడుమ బోదెవంటి సన్నని త్రోవ పటములలో కనబడినది కూడ.

మీలో అనేకులు మణికట్టు మీద లేచు మెత్తని బుడిపెను చూచియుందురు. నొప్పి ఉండదు, కొంతకాలముండి ఒకనాడు కనబడకుండ పోవును. దానిలోనిదియు ఇట్టి జిగురే. పూర్వము పాశ్చాత్య దేశములలో ఆ బుడిపెను బరువైన పుస్తకముతో కొట్టి పగులగొట్టెడివారట. మోకాటి వెనుక తిత్తి దీనికి దాయాది వంటిది. అది తనంతట పగిలి ద్రవము చుట్టుప్రక్కల ఇంకిపోయినను, త్రోవ వెంబడి కీలులోనికి తిరిగి పోయినను, ధమనిమీది ఒత్తిడి తొలగి రక్తము మరల పారును. తనంతట నయమగుటకు కారణమిట్టిదేయని వైద్యులు ఊహింతురు. మణికట్టు బుడిపెను కొట్టినారు గదాయని మోకాటి వెనుక కొట్టుట, పిసుకుట, త్రొక్కించుట మాత్రము కూడదు. అచ్చట ప్రక్కనే పెద్ద ధమని, పెద్ద సిర, పాదమునకు పోవు నరము ఒకే గుంటలో ఒదిగియున్నవి.

వైద్యుడు దీనినెట్లు కనిపెట్టును? మొదటిది, రోగి కథ. పొగ త్రాగడు, మధుమేహము లేదు, వయస్సు మీరలేదు, ఒకే కాలికి హఠాత్తుగా మొదలైనది. కూర్చున్న పిమ్మట నొప్పి తగ్గుటకు పూడిక రోగమునందు కొద్ది నిమిషములు చాలును. ఈ రోగమునందు 20 నిమిషములవరకు పట్టవచ్చును. రెండవది, నాడి. పాదముమీద నాడిని వ్రేలితో పట్టి, మోకాలిని బాగుగ మడచినచో ఆ నాడి అణగిపోవును. చాచినచో మరల తట్టును. 1961లో జపాను వైద్యులు ఇషికావా మొదలగువారు ఈ చిహ్నమును వర్ణించినారు. మందు లేదు, యంత్రము లేదు, రెండు వ్రేళ్లు చాలును. అయితే నాడి అణగుట ఈ రోగమునకే ప్రత్యేకమని నిశ్చయింపరాదు. పిక్క కండరము ధమనిని ఒత్తు మరియొక స్థితిలోను నాడి మాయమగుట కలదు. మూడవది, చేతివద్ద రక్తపు పోటు చూచు పరికరముతో చీలమండవద్దను పోటు చూచి, రెంటిని పోల్చుట. చీలమండ పోటు చేతి పోటులో పదింట తొమ్మిది వంతులకంటె తగ్గినచో అనుమానించవలెను. ఈ రోగమునందు కూర్చున్నప్పుడు సరిగా ఉండి, నడిపించి చూచినప్పుడు మాత్రమే తగ్గుటయు కలదు. కనుక నడిపించి చూడని పరీక్ష అసంపూర్ణము.

ఆపైన శబ్ద తరంగములతో చూచు స్కానింగు, ఎం.ఆర్.ఐ. పటము. తిత్తి ఎంత ఉన్నది, నాళము ఎంత నొక్కబడినది, కీలుతో సంబంధమున్నదా అను విషయములు వీనివలన తెలియును. రంగు మందు ఎక్కించి తీయు పటములో నొక్కబడిన నాళము కొడవలివలె వంగి, అంచు నునుపుగా కనబడును. పూడిక యున్నచో అంచు గరుకుగా ఉండును.

చికిత్స సంగతి. నేడు మూసికొన్న నాళములను సన్నని గొట్టముమీద బెలూనును పంపి లోపలినుండి వెడల్పు చేయు పద్ధతి విరివిగా వాడుకలో ఉన్నది. పూడిక రోగమునకు అది మంచి సాధనము. ఈ తిత్తికి మాత్రము సాధారణముగా పనికిరాదు. గట్టు ఉబ్బి ఒరిగినప్పుడు కాలువలో పూడిక తీసి ప్రయోజనమేమి? బెలూను తీయగనే తిత్తి మరల నొక్కును. సూదితో జిగురును లాగివేయవచ్చును గాని అది మరల చేరుట కలదు. ధమని పూర్తిగా మూసికొనని స్థితిలో శస్త్రవైద్యుడు తిత్తిని తెరచి ఖాళీ చేయును. మూసికొనిపోయినచో ఆ ముక్కను తొలగించి, రోగి కాలినుండియే తీసిన సిర ముక్కను అచ్చట అతుకును. ఈ శస్త్రచికిత్స ఫలితములు సాధారణముగా బాగున్నవి. దీనిని గూర్చి భయపడనక్కరలేదు. "కోయకుండా పోయేదాన్ని కోశారు" అని తరువాత అనుటయు న్యాయము కాదు. ఎవరి తిత్తి పోవునో, ఎవరిది నాళమును మూసివేయునో ముందుగా చెప్పుటకు నేటివరకు ఉపాయము లేదు.

మరి వేచియుండుట ఎప్పుడు తగును? మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. రోగము ఇదియేనని పటము వలన నిర్ధారణ కావలెను. ధమని ఇంకను తెరచియుండవలెను. నొప్పి నడచినప్పుడే తప్ప కూర్చున్నప్పుడు గాని రాత్రి పండుకొన్నప్పుడు గాని ఉండరాదు. పాదమున పుండు లేకుండవలెను. రోగి చెప్పిన తేదీకి మరల వచ్చి పరీక్ష చేయించుకొనగలవాడై ఉండవలెను. ఈ చివరి షరతు పట్టణములలో కూర్చున్నవారికి చిన్నదిగా కనబడును. రెండు బస్సులు మారి, ఒక దినము కూలి పోగొట్టుకొని, తోడు ఒకరిని వెంటబెట్టుకొని రావలసిన మనిషికి అది చిన్నది కాదు. మూడు నెలలకు రమ్మన్న రోగి రానప్పుడు మేము విసుగుకొన్న సందర్భములు కలవు. ఆ యూరికి వానకాలమున దారి తెగునని తరువాత తెలిసి సిగ్గుపడితిమి. రాజాలనివానికి ముందుగా శస్త్రచికిత్సయే మేలని వైద్యుడు తలచినచో అది అతని పరిస్థితిని చూచి చెప్పిన మాటయని మీరు గ్రహింపవలెను. రాగలిగినచో, తేదీని గుర్తుచేసి పంపుట మీ ఊరి ఆశా కార్యకర్తకు మీరు అప్పగింపదగిన పని.

వేచియుండరాని సందర్భము ఒకటి కలదు. దీనిని వ్రాసికొనుడు. కాలు హఠాత్తుగా తీవ్రముగా నొచ్చి, పాలిపోయి, చల్లబడి, తిమ్మిరెక్కి, వ్రేళ్లు కదల్చలేని స్థితి వచ్చినచో నాళము ఉన్నట్లుండి మూసికొన్నదని అనుమానము. సుమారు ఆరు గంటలు దాటినచో కండరము చచ్చిపోవుటకు మొదలిడును. తెల్లవారనిండని చెప్పరాదు. కాపడము పెట్టరాదు, స్పర్శ లేని కాలు కాలిపోయినను తెలియదు. గట్టిగా కట్టు కట్టరాదు. వాతలు పెట్టు అలవాటు మన పల్లెలలో ఇంకను పూర్తిగా పోలేదు. రక్తము అందని కాలికి పెట్టిన వాత మానదు, కుళ్లును. 108 వాహనమును పిలిచి, రక్తనాళముల శస్త్రచికిత్స జరుగు పెద్ద ఆసుపత్రికి పంపవలెను.

ఇక అరుదైన రోగమును ప్రక్కకు పెట్టి, మీ ఊరిలో నిజముగా కనబడునట్టి పూడిక రోగమును గూర్చి ఒక మాట. దానికి నడకయే మందులలో ఒకటి. నొప్పి వచ్చువరకు నడచి, నిలిచి, తగ్గిన పిమ్మట మరల నడచుచు, అరగంట నుండి ముప్పావుగంట, వారమునకు మూడు దినములైనను, మూడు నెలలు సాగించినచో నడువగల దూరము పెరుగును. పొగ మానుట, మధుమేహమును అదుపులో నుంచుట దీనితో కలసి నడువవలెను. వైద్యుడు ఒకసారి చూచి సరేయన్న తరువాతనే ఈ నడక. తిత్తి రోగమునకు నడక మందు కాదు. రెండింటికిని నొప్పి ఒకే తీరుగా ఉండుటచేతనే చూడక సలహా చెప్పరాదనుచున్నాము.

మీరు చేయగల పరీక్ష ఒకటి చూపుదుము. ఎవరి చెప్పు వారు విడువుడు. చీలమండకు లోపలివైపు ఎముక కలదు గదా, దానికి వెనుకగా రెండు వ్రేళ్లు మెత్తగా ఆనించుడు. నాడి తట్టును. పాదముమీద, బొటనవ్రేలికి ప్రక్క వ్రేలికి నడిమి ఎముకల మొదట మరియొకటి తట్టును. రెండు కాళ్లను పోల్చి చూడుడు. పాదముమీది నాడి ఆరోగ్యవంతులలోను కొందరికి పుట్టుకచేతనే అందదు. అందుచే దొరకలేదని ఇక్కడ ఎవరును కంగారుపడవలదు. చీలమండ వెనుకటిది ఒక కాలికి తట్టి, నొచ్చు కాలికి తట్టనిచో అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చెప్పవలసిన సంగతి. ఇది మీరు చూచుట వైద్యము చేయుట కాదు. గేజి దగ్గర నీటిమట్టము చూచి ఇంజనీరునకు కబురు చేయుట వంటిది.

ఈ ఉదయము తరగతి ప్రారంభమునకు ముందు ఒక వార్డు సభ్యురాలు మమ్ము ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగినారు. ఆమె అనుమతితో దానిని ఇచ్చట చెప్పి విరమింతుము. వారి మరిదికి నడచినచో పిక్క పట్టుచున్నది. పట్టణములో వైద్యుడు చూచి, నాళము మూసికొన్నది, బెలూను వేయవలెనన్నాడు. ఇంతలో చదువుకొన్న బంధువొకడు, ఇట్టి కాలి రోగము కోత లేకుండ దానంతట అదియే పోయినదని ఎక్కడో చదివినాననియు, తొందరపడవద్దనియు చెప్పినాడట. "ఆగమంటారా?" అని ఆమె ప్రశ్న.

బంధువు చదివినది అబద్ధము కాదు. అది మేమిప్పుడు చెప్పిన తిత్తి రోగమును గూర్చియే అయి ఉండును. కాని ఆ మరిది వయస్సు 62 సంవత్సరములు. నలుబది యేండ్లుగా బీడీలు త్రాగుచున్నాడు. మధుమేహము పదేండ్లనుండి ఉన్నది. రెండు కాళ్లును నొచ్చుచున్నవి, ఎడమది ఎక్కువ. ఇన్నియు విన్న పిమ్మట, కాలిమీద పుండు ఏమైన ఉన్నదా యని అడిగితిమి. ఎడమ చిటికెన వ్రేలి ప్రక్క చెప్పు ఒరిసిన గాయము నెలయైనను మానలేదనియు, ఆ రాత్రి కాలు మంచము దిగువకు వ్రేలాడవేసినగాని నిద్ర పట్టలేదనియు ఆమె చెప్పినారు.

అతనిది తిత్తి కాదు, పూడిక. వేచియుండుటకు మేము చెప్పిన షరతులలో ఒక్కటియు అతనికి సరిపడదు. రాత్రి నొప్పియు, మానని గాయమును కాలు పోగొట్టుకొను ప్రమాదమునకు గుర్తులు. నేడు నాళము తెరచినచో కాలు దక్కవచ్చును, నెల ఆగినచో వ్రేలు గాని పాదము గాని తీయవలసి రావచ్చును. గాయమును శుభ్రమైన నీటితో కడిగి, పొడి గుడ్డ వదులుగా చుట్టి, చెప్పులు లేకుండ నడువనీయక, పాత చీటీలు, పటములు, మధుమేహపు మందులు సంచిలో పెట్టుకొని రేపే పోవలెనని చెప్పితిమి. బీడీ కట్ట సంచిలో ఉండరాదనియు చెప్పితిమి. వారి ఊరి బస్సు ఉదయము ఆరున్నరకు బయలుదేరునట. ఆమె భోజన విరామమున ఇంటికి టెలిఫోను చేసి వచ్చినారు.